కోతపండగకు తెచ్చిన బిడ్డ

కోత లేని ఏడు కోతపండగ చేయడం మా నాయనకే చెల్లింది. యాభైల మొదట్లో, కర్నూలు కడప జిల్లాల నడుమనున్న మా పల్లెకు వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. కొర్ర చల్లిన చేలల్లో పుల్ల మిగల్లేదు. నల్లరేగడి నెర్రెలిచ్చి, మేకపిల్లల కాళ్లు ఇరుక్కుపోయేవి. సర్కారు వాళ్లు ఊరి బయట గంజి కేంద్రం పెట్టారు. అలాంటి ఏడు మా నాయన ఆదివారం ప్రార్థన కాగానే లేచి, ఎప్పటిలాగే కోతపండగ ఉంటుందని చెప్పాడు. ఆయన మా పేట ఉపదేశి. పాస్టరు లేని పల్లెలో బడి చెప్పి, ప్రార్థన నడిపి, పెళ్లికీ చావుకీ ముందుండే మనిషిని మా వైపు అలా అంటారు.

"ఏం పెట్టల్లప్పా బల్ల కాడ? గంజిముంతలా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"ఉన్నది పెట్టండి. లేనిదానికి దేవుడు మనల్ని అడగడు," అన్నాడు నాయన.

ఈ మాట అందరూ విన్నారు గానీ, దాన్ని పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది మాత్రం మా జేజి, అంటే నాయన తల్లి.

మా కోతపండగ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. పంట ఇంటికి వచ్చాక అందులో మొదటిది తెచ్చి గుడిలో ప్రభుబల్ల ముందు పెడతారు. ప్రార్థన అయ్యాక వాటినన్నిటినీ బయటి వాకిట్లోకి మోసుకొచ్చి వేలం వేస్తారు. వచ్చింది సంఘానికి పోతుంది. సొరకాయ తెచ్చినవాడే తన సొరకాయను పోటీపడి పాడుకుని, ఊరంతా చూస్తుండగా భుజాన వేసుకుని ఇంటికి పోయే వేలం లోకంలో ఇంకెక్కడా ఉండదు. మాకు అది పండగా, తిరునాళ్లా, నాటకమూ అన్నీను.

ఆ ఏడు మా ఇంట్లో పండగ కళ లేదు. అమ్మకు నా తరవాత ఇద్దరు పుట్టి, కూర్చోవడం రాకముందే పోయారు. ఇప్పుడు మళ్లీ ఆడబిడ్డ పుట్టింది. పుట్టినప్పుడు బాగానే ఉంది. అమ్మ తాగే గంజి పాలు పడడానికి చాలలేదు. మా మేక ఎండిపోయింది, పేటలో ఎవరి మేకా పాలివ్వడం లేదు. గంజి మీది తేటను గుడ్డ ఒత్తితో నోట్లో పిండేవాళ్లం. బిడ్డ రోజురోజుకూ చిక్కిపోయింది. ఏడ్చే ఓపిక కూడా లేదు దానికి. ఎప్పుడైనా కీచుమని ఒక ఏడుపు వినబడితే మా ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చేది. బిడ్డ ఏడిస్తే సంతోషపడిన ఇల్లు మాది. ఇది కూడా ఆ ఇద్దరి దారినే పోతుందేమోనని అందరికీ లోపల తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మా వైపు, వరసగా బిడ్డలు పోయిన ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే ఒక పని చేస్తారు. బిడ్డను చేటలో పెట్టి, పెంటదిబ్బ మీదికి తీసుకుపోయి, మాకొద్దని పారేసినట్టు పెట్టి వస్తారు. ముందే మాట్లాడిపెట్టుకున్న పక్కింటామె పోయి ఎత్తుకుంటుంది. తల్లి ఆమెకు దోసెడు తవుడిచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. బిడ్డలను ఎత్తుకుపోయేదేదో ఉంది కదా, అది ఇది పారేసిన సరుకులే అనుకుని వదిలిపెడుతుందని నమ్మకం. పెంట పేరు పెట్టుకుని నిండు నూరేళ్లు బతికిన పెద్దమనుషులు మా చుట్టుపక్కల కొల్లలు. నవ్వేవాళ్లు నవ్వండి. రెండు ఉయ్యాలలు విప్పిన ఇంట్లో కూర్చుని కూడా నవ్వగలిగితే మీ ఇష్టం.

జేజి ఆ మాట ఎత్తింది. నాయన ఎగిరిపడ్డాడు.

"దేవుడిచ్చిన బిడ్డను పెంట మీద పెట్టేది నా ఇంట్లో జరగదమ్మా. నేను రేపు గుడిలో నిలబడి ఏం చెప్పల్ల?"

"సరేలే నాయనా. పెంట మీద పెట్టను," అంది జేజి.

అంత సులువుగా ఒప్పుకుందంటేనే ఆయనకు అనుమానం రావలసింది. మా జేజి పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

పండగ రోజు అయ్యగారు వచ్చారు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆయనొక్కరే పాస్టరు. పొడుగ్గా, ఎండిన కందికంపలా ఉండేవారు. కోపం ముక్కు మీదే ఉండేది. నాపరాళ్లు పేర్చి కట్టిన మా చిన్న గుడి నిండిపోయింది. పేటవాళ్లు ఉన్నదే తెచ్చారు. మునక్కాయలు, చింతపండు ముద్దలు, చీపురుకట్టలు, ఎవరో పేనిన పగ్గం, కాళ్లు కట్టేసిన ఒక కోడి. కీర్తన పాడుతూ ఒక్కొక్కరే పోయి బల్ల ముందు పెడుతున్నారు. మా జేజి లేచింది. పాతచీర కప్పిన చేట పట్టుకుని పోయి, కోడి పక్కన దించి, వచ్చి నా పక్కన కూర్చుంది. అమ్మ నీరసంగా గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. బిడ్డ జేజి ఒళ్లో ఉందనుకుంటోంది. జేజి ఒళ్లో ఉన్నది మడతపెట్టిన దుప్పటి.

నేను చూశాను. నోరు తెరిచేలోపే జేజి నా తొడ మీద గిల్లింది. ఆ గిల్లుడు తిన్నవాళ్లెవరూ మళ్లీ నోరు తెరవరు. ప్రార్థన సాగినంతసేపూ నేను కళ్లు మూయలేదు. కోడి అటు పొర్లి ఇటు పొర్లి చేట వైపే జరుగుతోంది. అది బిడ్డ కళ్లు పొడుస్తుందేమోనని నా ప్రాణం గిలగిల్లాడింది. అయ్యగారు వానల కోసం ప్రార్థిస్తున్నారు, నేనేమో కోడి కోసం ప్రార్థిస్తున్నాను.

ఆఖరికి అందరూ వాకిట్లోకి వచ్చారు. వేలం వేసేది మా సంఘపెద్ద. ఆయనకు గొంతు ఎక్కువ, చూపు తక్కువ. మునక్కాయలు పోయాయి, చీపుర్లు పోయాయి. ఆయన చేటను రెండు చేతులా పైకెత్తాడు.

"ఈ చేట ఎవురిదప్పా? మిరపకాయలా, చింతపండా? ఏదైతేనేం, బరువు బాగుండాది. పాడండి, పాడండి!"

గుంపులోంచి జేజి జతగత్తె, పక్కింటి ముసలామె, ముందే నేర్పించిన పాఠం గడగడా అప్పజెప్పేసింది.

"దోసెడు తవుడు!"

జనం గొల్లున నవ్వారు. చింతపండుకు తవుడేమిటని సంఘపెద్ద చీర తొలగించి చూశాడు. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

చేటలో మా చెల్లి. ఎండకు కళ్లు చికిలించింది. ఏడవలేదు.

తవుడన్న మాట వినగానే పెద్దవాళ్లందరికీ సంగతి అర్థమైంది. నాయన మొహం మింగలేక కక్కలేక ఉంది. పెంటదిబ్బ ఆచారాలు మానమని ఊరందరికీ చెప్పే ఉపదేశి ఇంటి బిడ్డ, అయ్యగారి కళ్ల ముందే, గుడి వాకిట్లో, తవుడుకు వేలానికి వచ్చింది. అమ్మ గోడ పట్టుకుని లేచి బయటికి వచ్చింది. అయ్యగారు పెద్ద పెద్ద అడుగులేసుకుంటూ వచ్చి చేట ముందు నిలబడ్డారు.

"ఎవరి పని ఇది?"

మా జేజి ముందుకు వచ్చింది. భయమన్నది ఆమెకు పుట్టుకలోనే పెట్టలేదు దేవుడు.

"నాదే అయ్యా. పెంట మీద పెట్టొద్దని మీరంతా అంటిరి. పెట్టలేదు. దేవుని బల్ల కాడ పెడితిని. ఉన్నది పెట్టమని నా కొడుకే చెప్పె. మా ఇంట్లో ఉండేది ఇదే. ఇంగ తప్పు యాడుండాది?"

అయ్యగారు తిడతారని అందరం ఎదురుచూశాం. ఆయన తిట్టలేదు. అక్కడే మట్టిలో చతికిలబడి, బిడ్డ పెదవికి వేలు ఆనించారు. బిడ్డ ఆ వేలిని పట్టుకుని చీకడం మొదలుపెట్టింది. ఆయన మొహంలో కోపమంతా ఎటో పోయింది.

"అమ్మా, ఈ బిడ్డను అమ్మేదానికి మనమెవరం? కొనేదానికి మనమెవరం? తన ప్రాణమే వెలపెట్టి కొనుక్కున్నాయన ఒకడున్నాడు. ఆయన కొన్నాక మళ్లీ వేలం లేదు," అని జేజితో అన్నారు. తరవాత తలెత్తి అందరినీ చూశారు. "బిడ్డ ఆకలితో ఉంది. వేలం ఆపండి. ఈ పేటలో పాలు ఎవరి దగ్గరున్నాయి?"

అందరూ తలలు దించుకున్నారు. అందరి ఇళ్ల సంగతీ అందరికీ తెలుసు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీద కోపపడాలో తెలియక కోడి మీద కోపపడ్డాను.

అప్పుడు వెనక నుంచి ఒకామె లేచింది. పేట చివరింట్లో ఉండే కోడలు. మొగుడు నాపరాళ్ల గనిలో బండలు కొట్టేవాడు. ఆమె తొలికాన్పు బిడ్డ, ఆడబిడ్డే, బాప్తిస్మం కూడా కాకముందే జ్వరమొచ్చి పోయింది. అది జరిగి ఎక్కువ రోజులు కాలేదు. అప్పటి నుంచి ఆమె గుడిలో వెనక కూర్చునేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు.

"నా దగ్గర ఉండాయి," అంది.

అందరికంటే ముందు అరిచింది మా జేజి. "వద్దు! వద్దు! బిడ్డను మింగిన పాలు అవి. దీన్నీ మింగుతాయి. చచ్చిన బిడ్డ పాలు ఇంగో బిడ్డకు పొయ్యకూడదు."

ఆ మాట వినగానే ఆమె ఎవరో కొట్టినట్టు ఒకడుగు వెనక్కి వేసింది. ఈ రోజుకు కూడా నాకు ఆ అడుగు మరపు రాలేదు. జేజిది చెడ్డ మనసు కాదు. మనవరాలి కోసం గుడిలోనే వేలం పెట్టించిన మనిషి. కానీ భయం మంచివాళ్ల నోట కూడా అలాంటి మాటలు పలికిస్తుంది.

చివరింటామె వెళ్లిపోలేదు. పైట లాక్కుని, నేల చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"పొద్దునా మాపున ఇంటెనక మట్టిలో పిండి పోస్తాండా అవ్వా. లేకుంటే నొప్పి ఓర్చుకోల్యాక పోతాండా. మట్టి తాగే పాలు ఈ బిడ్డ తాగితే ఏమైతాది?"

అయ్యగారు ఏదో అనబోయారు. నాయన ఏదో అనబోయాడు. వాళ్లిద్దరికీ వాక్యం నోటికి వచ్చు, కానీ ఆ క్షణాన ఏదీ పనికిరాలేదు. మా అమ్మ వచ్చింది. గట్టిగా నడిచే ఓపిక లేని మనిషి, గుంపును తోసుకుంటూ వచ్చింది. చేటలోంచి బిడ్డను ఎత్తుకుంది. అత్త మాటకు ఎప్పుడూ ఎదురాడని అమ్మ, అత్త ముందు నుంచే నడిచిపోయి, చివరింటామె చేతుల్లో బిడ్డను పెట్టింది.

"తీసుకో మా," అంది. అంతే.

ఆడవాళ్లు చుట్టూ చేరి పైటలు అడ్డం పెట్టారు. నేను కాళ్ల సందుల్లోంచి దూరి లోపలికి పోయాను. మొదట బిడ్డకు పట్టుకోవడం రాలేదు. ఒత్తికి అలవాటుపడిన నోరు. ఆమె తలను చేత్తో పట్టి, "తాగు తల్లీ, తాగు," అంటోంది. అప్పుడు గుటక వినబడింది. తరవాత ఇంకొకటి. వాకిట్లో అంతమంది ఉన్నా ఆ గుటకల చప్పుడు ఒక్కటే. ఆమె కళ్ల నీళ్లు బిడ్డ నెత్తిన పడుతున్నాయి. బిడ్డ పట్టించుకోలేదు, తాగుతూనే ఉంది. దాని పని దానిది. కాసేపటికి ఊపిరి తీసుకోవడానికి ఆపి, మళ్లీ ఇవ్వలేదని గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపుకు మా అమ్మ నేల మీద కూలబడి నవ్వింది.

జేజి కొంగున మూట కట్టి తెచ్చుకున్న తవుడు ఏమైందంటారా? ఆమె ఎప్పుడు విప్పిందో, ఎప్పుడు కింద పోసిందో తెలియదు. కోడి తినింది. వేలం మళ్లీ మొదలయ్యాక ఆ కోడిని సంఘపెద్దే పాడుకున్నాడు.

ఆ రోజు నుంచి పాలిచ్చిన ఆమె మాకు చిన్నమ్మ అయింది. పొద్దున మొగుడితో పాటు గనికి కూలికి పోయేముందు, మాపున వచ్చాక, మా ఇంటికి వచ్చి పాలిచ్చేది. జేజి మొదట కొన్నాళ్లు గుమ్మం బయట కూర్చుని, బిడ్డ తాగినంతసేపూ గొణుక్కుంటూ ఉండేది. బిడ్డ బుగ్గ పూడింది. తొడల మీద మడతలు పడ్డాయి. జేజి గొణగడం మానేసింది. జీవితంలో ఎవరికీ తప్పయిందని చెప్పిన మనిషి కాదు ఆమె, చిన్నమ్మకూ చెప్పలేదు. గంజి కేంద్రం దగ్గర ఎండలో నిలబడి తన వంతు గంజి పట్టుకొచ్చి, తాను తాగకుండా చిన్నమ్మ ముందు పెట్టేది. ఎక్కడ సంపాదించేదో, ఒక్కోరోజు రాగిసంగటి ముద్ద, దాని మీద ఇంత శెనక్కాయల ఊరిబిండి పచ్చడి.

"తిను మే. పాలిచ్చేదానివి. నీ కడుపు నిండకపోతే దాని కడుపు యాడ నిండుతాది?" అని గదమాయించేది.

"నీకో అవ్వా?"

"నాకేం, నేనేమన్నా పెరగల్లనా?"

ఆకలి రుచెరగదంటారు. మా చెల్లి ఆకలి శకునం కూడా ఎరగలేదు. ముసలితనంలో కూర్చుని ఆలోచిస్తే, మా ఇంటి మీద దేవుడు చూపిన దయంతా ఆ పసినోటి గుటకల్లోనే ఉందనిపిస్తుంది. నాకు పెద్ద దర్శనాలేమీ కాలేదు. ఒక పసిబిడ్డ ప్రాణం ఎంత పెద్దదో చూడాలంటే, దాని కోసం ఎంతమంది ఏమేమి వదులుకున్నారో చూస్తే చాలు. అమ్మ భయం వదులుకుంది. అయ్యగారు కోపం వదులుకున్నారు. జేజి తన గంజీ తన పట్టుదలా వదులుకుంది, రెండోది ఆమెకు ఎక్కువ కష్టం. చిన్నమ్మ ఏమి మోసుకుంటూ వచ్చి పాలిచ్చిందో మాత్రం నాకు తెలియదు. నేను తల్లినయ్యాక కొంచెం తెలిసింది.

ఒక సంగతి మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పురిటిబిడ్డలు పోతే మా ఊళ్లో, "పాలబిడ్డే కదా, మళ్లీ పుడతారులే," అనేవాళ్లు. పెద్దవాళ్లు పోతే ఊరంతా కదిలేది, బండమీద పేరు చెక్కేవాళ్లు. పసివాళ్లను గుడ్డలో చుట్టి, ఇద్దరు మగవాళ్లు పోయి పూడ్చి, కాళ్లు కడుక్కుని వచ్చేవాళ్లు. మా అమ్మ పిల్లలిద్దరూ అలాగే పోయారు. ఎక్కడ పడుకున్నారో నాకు తెలియదు. పిల్లలను దగ్గరికి రానిమ్మని చేతులు చాచిన ప్రభువుకు వాళ్లు తక్కువా? దేవుడు ఒక బిడ్డకు బదులు ఇంకో బిడ్డను ఇస్తాడనడం నేను ఒప్పుకోను. మా చెల్లి ఆ ఇద్దరికీ బదులు కాదు, చిన్నమ్మ బిడ్డకు బదులు అసలే కాదు. ఎవరికి వాళ్లే. చెల్లి బతికినందుకు రోజూ దేవునికి వందనాలు చెప్పుకుంటాను, పోయినవాళ్లను తలుచుకునే చెప్పుకుంటాను.

వానలు పడ్డాక, పైర్లు మోకాలెత్తు లేచాక, అయ్యగారు మళ్లీ వచ్చారు, చెల్లికి బాప్తిస్మం ఇవ్వడానికి. నాయన వేదగ్రంథమంతా తిరగేసి, ఒక పొడుగాటి పేరు వెతికిపెట్టాడు. ఆ పేరు సరిగ్గా పలకాలంటే మా పేటలో సగంమందికి నాలుక తిరగదు. అమ్మ బిడ్డను ఎత్తుకుని బల్ల ముందు నిలబడింది. చిన్నమ్మను కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన నిలబెట్టింది.

"ఈ బిడ్డ పేరేమి?" అని అయ్యగారు అడిగారు.

నాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆగండి," అంది అమ్మ. గుడిలో ఆమె గొంతు ఎప్పుడూ ఎవరూ విని ఉండరు. ఆమె చిన్నమ్మ వైపు తిరిగింది. "నీ బిడ్డకు ఏం పేరు పెట్టల్లనుకుంటివి మా?"

చిన్నమ్మ అర్థం కానట్టు చూసింది.

"ఎవురూ అడగల్యా అక్కా," అంది.

"నేను అడుగుతాండా."

చిన్నమ్మ తల వంచుకుని ఏదో అంది. పక్కనున్న నాకే వినబడలేదు. నాయన అయ్యగారి మొహం చూశాడు. అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"గట్టిగా చెప్పమ్మా. సంఘమంతా వినాలి."

ఆమె తలెత్తి చెప్పింది. చిన్న పేరు, పలకడానికి సులువైన పేరు. అది ఇక్కడ రాయను, అది వాళ్లది. అయ్యగారు నీళ్లు చేతిలోకి తీసుకుని, మా చెల్లి నుదుట పెట్టి, ఆ పేరు పెట్టి పిలిచారు. చిన్నమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

నా వెనక చాప మీద కూర్చున్న మా జేజి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇద్దరికీ అయింది బాప్తిస్మం," అంది, ఎవరితోనూ కాకుండా.